మొదటి అధ్యాయంలో చనిపోయినావిడ

అదేంటన్నయ్యగారూ, ఆ మాట చెప్పడానికి ఆయనకి నోరు లేదా? మధ్యలో మిమ్మల్ని పంపాలా? ఈ ఎండలో, ఆ మోకాలి నొప్పితో, బస్సు మారి మరీ వచ్చారు. ముందు కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇదిగో, ఈ తాను మీద కూర్చోండి. ఫరవాలేదు, లైనింగు గుడ్డే. నలిగినా ఎవరూ అడగరు.

నేను పని ఆపలేనండీ, ఏమీ అనుకోకండి. ఈ కర్టెన్లు సాయంత్రానికి హోటలు వాళ్ళకి అందాలి. మా యజమానురాలు రాడ్లు బిగించడానికి అక్కడికే వెళ్ళింది. చేతులు కుట్టుకుంటాయి, నోరు ఖాళీయేగా. మాట్లాడుకుందాం.

ఇందాక మీరు చెప్పింది నేను సరిగ్గా విన్నానో లేదో... వద్దులెండి, మళ్ళీ చెప్పాలంటే మీకు ఇబ్బంది. నేనే చెప్తాను, తప్పయితే దిద్దండి. పేపరు వాళ్ళెవరో వాసన పట్టారు. ఈ రచయితగారి భార్య చనిపోలేదట, ఎక్కడో కర్టెన్లు కుట్టుకుంటోందట అని. వాళ్ళు నా దగ్గరికి వస్తే నేనేమనాలి? మేమిద్దరం ఎప్పుడో విడిపోయాం, యుద్ధమే మమ్మల్ని విడదీసింది, ఆయన 'భార్యను కోల్పోయాను' అన్నది ఆ అర్థంలోనే అనాలి. అంతేనా?

ఆ అర్థంలో. బాగుంది. అది ఆయన మాట కాదులెండి, ఆయనకంత తెలివి లేదు. ఆ పుస్తకాలు వేసే కల్నల్ గారిది. మీరు ఆ పెద్దమనిషిని చూళ్ళేదు కదూ? మాజీ సైనికులు రాసిన నవలలు తప్ప ఇంకేవీ వెయ్యడు. తనూ పాతికేళ్ళు సైన్యంలో చేశానంటాడు. మీసం దువ్వుకునే దువ్వెన జేబులో పెట్టుకుని తిరుగుతాడు. మొదట మా ఇంటికి వచ్చినప్పుడు నా చేతి టీ తాగి, 'అమ్మా, మీలాంటి భార్యల త్యాగం గురించి ఎవరూ రాయలేదు' అన్నాడు. తాగిన కప్పు కింద పెట్టాడు, పుస్తకంలో నన్ను చంపించాడు.

నవ్వకండి. సరే నవ్వండి, మిమ్మల్నీ చంపారుగా. మీరు ఆ పుస్తకం చదివి పడీపడీ నవ్వారట, ఆయన చెప్పారు. మీకేమండీ. మీది వీరమరణం. సైన్యంలో మీరు నడిపిన ఆ లారీనే నేరుగా శత్రువు ట్యాంకు మీదికి తోలి, స్నేహితుణ్ణి కాపాడి, చివరి మాటగా ఒక జోకు వేసి మరీ పోయారు. ఇవాళ మీ డ్రైవింగు స్కూల్లో పిల్లలందరికీ ఆ పేజీ చూపిస్తున్నారట కదా. నేనెలా పోయానో చూడండి. కారు తాళం తిప్పాను, కింద బాంబు పేలింది, పోయాను. నాకు కారు నడపడమే రాదు. మీ దగ్గర నేర్చుకుంటానంటే ఆయనే వద్దన్నారు, గుర్తుందా? బతికుండగా స్టీరింగు ముట్టుకోనివ్వని మనిషి, చంపడానికి మాత్రం కారెక్కించారు.

కాదండీ, నాకు కోపం అందుక్కాదు. అది కథ. కథలో ఎవరైనా పోవచ్చు. ఆ మాత్రం నాకు తెలీదనుకున్నారా?

మొదట్నుంచీ చెప్తే గానీ మీకు అర్థం కాదు.

ఆయన సర్వీసు వదిలి వచ్చిన కొత్తల్లో ఎలా ఉండేవారో మీరు చూశారు. అన్నేళ్ళు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్న మనిషి. ఎక్కడో కొండ మీదున్న వాడితో మాట్లాడడం వచ్చు, ఎదురుగా కంచం పెట్టే మనిషితో మాట్లాడడం రాదు. మీరు వచ్చినప్పుడు నాలుగు మాటలు వినపడేవి. మీరు మెట్లు దిగారా, ఇక ఇంట్లో ఫ్యాను చప్పుడే. షాపింగు మాల్లో సెక్యూరిటీ పనికి కుదిరారు కదా, అక్కడ ఆ అద్దాల గదిలో కూర్చుని ఈ మిలిటరీ నవలలు చదవడం అలవాటయింది. అన్నిటికీ ఒకటే అట్ట. ఒక హెలికాప్టరు, సగం చీకట్లో ఒక మొహం, ఎర్రటి అక్షరాలు. ఇంటికొచ్చి నాతో అనేవారు, 'వీడు ఉత్త దొంగ, వీడెప్పుడూ తుపాకీ పట్టలేదు. ఇదిగో వీడు మాత్రం మనవాడు. బూటు లోపల తడి ఎన్నాళ్ళయినా ఆరదని రాశాడు.'

నాకెంత సంతోషమో. ఏదో ఒకటి మాట్లాడుతున్నారు కదా అని. ఒకరోజు 'నేనూ రాస్తాను' అన్నారు. రాయండి రాయండి అన్నాను. భోజనాల బల్ల జరిపి కిటికీ కింద వేశాను. ఈ కొట్లోనే మిగిలిన వెల్వెట్టు ముక్కలతో కుర్చీకి దిండు కుట్టాను. ఆయన మధ్యాహ్నం షిఫ్టు మానుకుని రాసుకుంటుంటే, నేను వంటింట్లో గిన్నె చప్పుడు కూడా కాకుండా తిరిగేదాన్ని.

రాసింది చూపించేవారు కాదు. కానీ అడిగేవారు. అదండీ అసలు సంగతి. అడిగేవారు.

'నేను పోస్టింగులో ఉన్నప్పుడు నువ్వు సాయంత్రాలు ఏం చేసేదానివి?' 'బట్టలు ఆరేసేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తావే, ఎక్కడ నేర్చుకున్నావు?' 'ఉత్తరం ఆలస్యమైతే ముందు ఏమనుకునేదానివి, చెడ్డ మాటా, మంచి మాటా?' పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు రెండే రెండు. నా కళ్ళజోడు ఎక్కడ, కరెంటు బిల్లు కట్టావా. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, నేను చెప్పేది వింటున్నారు. నేను ఎలా అయిపోయానో తెలుసా? కొత్త పెళ్ళికూతుర్లా అయిపోయాను. పొద్దున్నే లేచి, ఇవాళ ఏం అడుగుతారో, నేనేం చెప్పాలో అనుకుంటూ బస్సెక్కేదాన్ని. మా యజమానురాలు 'ఏంటి, ఈ మధ్య మొహం వెలిగిపోతోంది' అని ఏడిపించేది కూడా.

తర్వాత ఒకరోజు అది అడిగారు.

మీకు తెలుసుగా. ఐదో నెలలో పోయింది. ఆయన అక్కడ కొండ మీద ఉన్నారు, నేనిక్కడ ఒక్కదాన్నే ఆస్పత్రిలో. ఆయన సెలవు మీద వచ్చేసరికి నేను లేచి తిరుగుతున్నాను. సంచీ కింద పెట్టారు. నా వైపు చూశారు. వంటింట్లో కొళాయి కారుతోందని చెప్పి రెంచీ తీసుకుని దాని ముందు కూర్చున్నారు. అంతే. సెలవంతా ఆ ఇంట్లో ఉన్నవీ లేనివీ అన్నీ బాగుచేసి వెళ్ళిపోయారు. ఆ బిడ్డ ఊసు మళ్ళీ మా మధ్య రాలేదు. ఆడపిల్లయితే పెట్టుకుందామని ఒక పేరు అనుకున్నాం. ఆయన ఉత్తరంలో రాశారు, నేను సరేనని జవాబు రాశాను. ఆ పేరు మా అమ్మకి కూడా చెప్పలేదు నేను.

అలాంటిది ఇన్నాళ్ళకి, ఆ కిటికీ కింద, నా చెయ్యి పట్టుకుని అడిగారు. ఆ రోజు ఆస్పత్రిలో ఏం జరిగిందని.

చెప్పాను. అన్నీ చెప్పాను. పక్క మంచం మీదావిడకి కొడుకు పుడితే, నేను చూడకూడదని నర్సు మధ్యలో తెర లాగడం. ఆ తెర కింది అంచు కుట్టు విడిపోయి వేలాడుతుంటే, ఎవరైనా సూదీ దారం ఇస్తే కుట్టేద్దామని నాకనిపించడం. ఏడవలేదు నేను, ఆ తెర వంకే చూస్తూ పడుకున్నాను. ఇవన్నీ చెప్పాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. నేననుకున్నానన్నయ్యగారూ, నా మొగుడు ఇవాళ్టికి ఇంటికి వచ్చాడని. సైన్యం నుంచి ఇవాళే వచ్చాడని.

మంచినీళ్ళు తాగండి. ఆ చెంబులోవి చల్లగా ఉంటాయి.

పుస్తకం వచ్చింది. నాకే ఇచ్చారు మొదటి కాపీ. బస్సులో తెరిచాను. మొదటి అధ్యాయం, మేజరుగారు సెలవు మీద ఇంటికి వస్తుంటాడు. ఆయన ఉండేది వైర్‌లెస్ దగ్గర, పుస్తకంలో మేజరు. ఉల్లిపాయ తరగమంటే వేలు తెగ్గోసుకునే మనిషి, పుస్తకంలో ఒంటి చేత్తో కత్తి తిప్పుతాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత మేజరు భార్య వచ్చింది. పచ్చ స్వెటరు, మోచేతి దగ్గర అతుకు, అచ్చం నాదే. బట్టలు ఆరేస్తూ కూనిరాగం. ఉత్తరం ఆలస్యమైతే ముందు మంచి మాటే అనుకునే అలవాటు. చదువుతుంటే సిగ్గేసింది, బస్సులో వాళ్ళందరూ నన్నే చూస్తున్నట్టు. ఆవిడకి ఐదో నెల. మొగుణ్ణి స్టేషన్లో ఎక్కించుకుని రావడానికి కారు దగ్గరికి నడుస్తూ, కడుపులో బిడ్డని పేరు పెట్టి పిలుస్తుంది.

ఆ పేరే. అక్షరం మార్చలేదు.

తాళం తిప్పింది.

ఆ తర్వాత మేజరు ఏడుస్తాడు. నాలుగు పేజీలు ఏడుస్తాడండీ. ఆస్పత్రిలో తెర లాగుతారు, దాని అంచు కుట్టు విడిపోయి ఉంటుంది, దాని వంక చూస్తూ నేల మీద కూలబడి ఏడుస్తాడు. నా తెర. నేను ఏడవని ఏడుపు.

నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చివరిదాకా వెళ్ళి, ఎదురు బస్సులో వెనక్కి వచ్చాను.

ఇంటికెళ్ళి అడిగాను. అడగనా మరి? అది కథ, అన్నారు. మొదట రాసినప్పుడు భార్య బతికే ఉందట. కల్నల్ గారు చదివి, పెళ్ళాం ఇంట్లో ఉంటే హీరో కాలు ముందుకి పడదు, చదివేవాడికి పేజీ తిప్పాలనిపించదు, పగ తీర్చుకోవడానికి ఒక కారణం కావాలి అన్నాడట. భార్య బతికుంటే కథ నడవదట. సరే, ఆవిణ్ణి చంపారు. మరి ఆ పేరెందుకు పెట్టారు అన్నాను. ఇంకే పేరు పెట్టినా రాయడం రాలేదు అన్నారు.

చూడండి, ఆ మాటకి నేను కరిగిపోయాను. నిజంగా. ఇంకే పేరు పెట్టినా రాలేదంటే, ఆ పేరు ఆయన గుండెల్లో ఉందనేగా? ఊరుకున్నాను. ఆ పుస్తకం బీరువా పైన పెట్టి ఊరుకున్నాను.

అది పేలిపోయింది. మీకు తెలుసుగా, ఎక్కడ చూసినా అదే. రైల్వే స్టేషన్లో కూడా. మొదటి ఇంటర్వ్యూలో ఎవరో అడిగారట, మేజరు భార్య పాత్ర అంత సహజంగా ఎలా వచ్చిందని. ఈయన జవాబు చెప్పకుండా తల దించుకున్నారట. అంతే, తల దించుకున్నారు. ఒక్క అబద్ధం ఆడలేదు. మిగతాది వాళ్ళే రాసుకున్నారు. రెండో ముద్రణ వచ్చేసరికి వెనక అట్ట మీద ఆయన ఫొటో కింద అచ్చయింది, 'భార్యను కోల్పోయాక కలం పట్టిన సైనికుడు. ఒంటరిగా నివసిస్తున్నారు.'

ఒంటరిగా. నేను పక్క గదిలో ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆ ఫొటోలో వేసుకున్న చొక్కా.

అడిగితే, అది కల్నల్ రాయించాడు, నాకు చూపించలేదు అన్నారు. ఈ ఒక్క ముద్రణా పోనీ, తర్వాత మార్పిస్తాను అన్నారు. మూడోదీ అలాగే వచ్చింది. ఉత్తరాలు రావడం మొదలయింది, ఆడవాళ్ళ దగ్గర్నుంచి. మీ బాధ మా బాధ అనీ, ధైర్యంగా ఉండమనీ. వాటిని వరండాలో పోస్టుమాన్ దగ్గర అందుకునేది నేనే.

అప్పుడైనా మీకు ఫోను చెయ్యాల్సింది. చెయ్యలేకపోయాను. ఏమని చెప్పను? అన్నయ్యగారూ, మీ స్నేహితుడు నేను పోయానంటున్నారు, ఒకసారి వచ్చి సర్ది చెప్పండి అనా?

సరే, ఆ పుస్తకాల షాపులో సభ. మీరు ఊళ్ళో లేరు అప్పుడు. ఆయన నన్ను రావద్దన్నారు. ఉత్త ఉపన్యాసాలు, నీకు విసుగు అన్నారు. నేను వెళ్ళాను. ఆదివారం, ఈ కొట్టుకి సెలవు. మేడ మీద హాలు, మడత కుర్చీలు. నేను వెనక వరసల్లో కూర్చున్నాను. నిండిపోయింది హాలు. మగవాళ్ళంతా తుపాకుల పేర్లు చెప్పుకుంటున్నారు, ఈ పేజీలో మేజరు వాడింది ఫలానాది, దానికి గురి ఇంత దూరం అని. నా పక్కన ఒకావిడ, బ్యాంకులో పనిచేస్తుందట, మర్యాదస్తురాలు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నాతో మాట కలిపింది. తుపాకులు, బాంబులు తనకి పట్టవట, ఆ మొదటి అధ్యాయం కోసమే చదివిందట. 'పాపం, నిజంగానే జరిగిందటండీ. ఆ పిల్లకి పేరు కూడా పెట్టుకున్నారట' అని ఆ పేరు చెప్పింది.

అన్నయ్యగారూ, ఆ పేరు పైకి ఎవరైనా పలకగా నేను వినలేదు. ఆయన కాగితం మీద రాశారు, నేను మనసులో అనుకున్నాను. నేను కూడా పైకి ఎప్పుడూ అనలేదు. మొదటిసారి నా చెవిన పడింది ముక్కూ మొహం తెలియని ఆ మనిషి నోట్లోంచి. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకో కాగితం రుమాలు ఇచ్చింది. తీసుకున్నాను.

అప్పుడు ఒక కుర్రాడు మైకు అందుకుని అడిగాడు, సార్, సొంత భార్య చావు గురించి రాయడానికి మీకు గుండె ఎలా వచ్చిందని.  ఆయన తలెత్తారు. వరసలన్నీ చూస్తూ చూస్తూ నా దగ్గర ఆగారు. చూశారు. నన్ను చూశారండీ, అందులో అనుమానం లేదు, నేను వేసుకున్నది ఆ పచ్చ స్వెటరే. నేననుకున్నాను, ఇప్పుడు చెప్తారు. లేచి నిలబడదామని కాళ్ళు కూడా దగ్గరికి తీసుకున్నాను.

నా కళ్ళలోకి చూస్తూనే మైకులో అన్నారు, 'ఆవిడ ఉండుంటే ఈ పుస్తకం రాసేవాణ్ణి కాదు.'

చప్పట్లు. నా పక్కనావిడ ఏడుస్తోంది.

వచ్చేద్దామనుకున్నాను. కాళ్ళు మాత్రం సంతకాల వరసలో నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డానో నాకే తెలీదు. చేతిలో ఒక కాపీ ఉంది, అక్కడే బల్ల మీదది తీశాను. వరస కదులుతోంది. ఆయన పక్కన కల్నల్ నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. నన్ను చూసి వాడి చెయ్యి ఆగిపోయింది. నా వంతు వచ్చింది. ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తల ఎత్తకుండా అడిగారు.

'ఏ పేరు రాయమంటారండీ?'

అండీ అన్నారు నన్ను.

నేను ఆ పేరు చెప్పాను. పైకి. ఆయనకి వినపడేలా.

పెన్ను ఆగింది.  ఇప్పుడైనా ఏదో ఒకటి అంటారని, కనీసం పెన్ను కింద పెడతారని చూశాను. కల్నల్ వంగి, వెనక చాలామంది ఉన్నారని గుర్తుచేశాడు. ఆయన రాశారు. 'చిరంజీవి' అని పెట్టి, పేరు రాసి, కింద ప్రేమతో అని, సంతకం చేసి, తారీఖు వేసి, నా చేతికిచ్చారు. ఇచ్చి, నా భుజం మీదుగా వెనకున్నతని వైపు చూసి నవ్వారు.

బిడ్డకి చిరంజీవి అని రాశారండీ. అలవాటు కొద్దీ.

మర్నాడే ఇక్కడికి వచ్చేశాను. వెనక గది ఖాళీగా ఉంది, ఉండమంది మా యజమానురాలు. నేను బట్టలు సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి, అంతమంది ముందు నన్నేం చెయ్యమంటావు అన్నారు. రెండో పుస్తకం అయ్యాక అన్నీ సరిచేస్తాను అన్నారు.  ఆయన సంచీ అందించబోతే వద్దన్నాను. కొట్లాడలేదు, అరవలేదు. ఆ రోజు కూడా ఏదో కొళాయి కారుతూనే ఉంది ఆ ఇంట్లో.

మీకొక మాట చెప్తాను, ఆయనతో అనకండి. ఇక్కడికొచ్చాక కూడా ఆ నాలుగు పేజీలు చదువుతూనే ఉన్నాను. మా యజమానురాలు చూస్తే తిడుతుందని గుడ్డ రంగుల నమూనాలుండే కార్డుల పుస్తకంలో పెట్టుకుని చదువుతాను. నా సంగతులు దొంగిలించారని కాదు. అది పోయింది. ఆ మేజరు భార్య స్వెటరు మొహానికి అడ్డం పెట్టుకుని, నిన్ను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదే, చూడ్డానికి టైముందనుకున్నానే అని ఏడుస్తాడు కదా. అక్కడికి వచ్చేసరికి నాకు ఆవిడంటే... ఈర్ష్య అనాలేమో. ఈ వయసులో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ ఏం చేసిందండీ నేను చెయ్యనిది? పోయింది, అంతేగా. పోయినందుకు అంత ప్రేమా? నేను పోకుండా ఇన్నేళ్ళు వండి పెట్టినందుకు కొళాయి బాగుచేశారు.

పోన్లెండి. అన్నట్టు ఎప్పట్నుంచో మిమ్మల్ని అడుగుదామని. ఆస్పత్రి నుంచి అక్కడికి కబురొచ్చినప్పుడు మీరూ ఉన్నారుగా? ఆయన్ని సెలవు మీద కింద స్టేషను దాకా దింపింది మీ లారీయేగా? ఆ రోజు ఎలా ఉన్నారాయన? ఊరికే అడుగుతున్నాను. మామూలుగానే ఉన్నారా?

ఏమిటి?

లారీలోనా?

దారంతానా?

...

లేదు, ఏం లేదు. సూది గుచ్చుకుంది. చూడండి, హోటలు వాళ్ళ గుడ్డ, మరక అవుతుంది. ఆ పీలిక ఇలా ఇవ్వండి.

స్వెటరు మొహానికి అడ్డం పెట్టుకున్నారా? నేను అల్లి పంపిన దాన్నా? మీరు లారీ పక్కకి ఆపి కిందికి దిగి నిలబడ్డారా, ఆయన్ని అలా వదిలేసి?

అయితే ఆ నాలుగు పేజీలూ నిజమే.

మరి నాకెందుకు చెప్పలేదన్నయ్యగారూ? ఆయన సరే, మీరెందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు వచ్చారు మా ఇంటికి, ఎన్నిసార్లు ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. ఒట్టు వేయించుకున్నారా. మగవాడు ఏడిచాడని పెళ్ళానికి తెలీకూడదని ఒట్టు. బాగుంది. మీ ఇద్దరి మధ్యా భద్రంగా దాచుకున్నారు. తర్వాత ఆయన తీసి ఊరందరికీ పంచిపెట్టారు. రైల్వే స్టేషన్లో కూడా దొరుకుతోంది. నాకొక్కదానికే అందలేదు.

మీరు లేవకండి, కూర్చోండి. మిమ్మల్ని తిట్టడం లేదు. మీరు మాట నిలబెట్టుకున్నారు, మీ తప్పేముంది.

ఆయన పంపిన పనికి జవాబు చెప్పాలి కదా, ఆలస్యమైతే మీకు బస్సు దొరకదు. వినండి. ఆ పేపరు అమ్మాయి నిన్ననే వచ్చింది. కిటికీలకి కర్టెన్లు కావాలంటూ వచ్చి, గుడ్డలు చూస్తున్నట్టు చూస్తూ, నెమ్మదిగా అడిగింది. మీరు ఫలానా రచయితగారికి ఏమవుతారు అని. మంచి పిల్లలాగే ఉంది. చెప్పండమ్మా, నేను రాస్తాను, మీకు అన్యాయం జరగనివ్వను అంది. ఆ అమ్మాయి ఒళ్ళో ఆ పుస్తకం ఉంది, వెనక అట్ట పైకి కనపడేలా.

నేను ఆవిడ అక్కని అన్నాను.

అవునండీ. ఆవిడ పోయిందమ్మా, నేను వాళ్ళ అక్కని, పోలికలుంటాయి, చాలామంది పొరబడతారు అన్నాను. ఆ పిల్ల నా మొహం వంకా, గోడకి తగిలించిన నా పచ్చ స్వెటరు మోచేతి వంకా చూసింది. నమ్మిందో లేదో నాకు తెలీదు. మరి బాంబు పేలుడు సంగతి నిజమేనా అంది. బాంబూ లేదు, కారూ లేదు, ఇంట్లోనే పోయింది, మెల్లిగా పోయింది, ఆయన పక్కగదిలో రాసుకుంటున్నారు అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. రాసుకుని, నా చెయ్యి పట్టుకుని, నన్ను క్షమించండి అనేసి వెళ్ళిపోయింది.

ఆయన్ని కాపాడడానికి చెప్పలేదు, ఆ పొరపాటు పడకండి, ఆయన్నీ పడనివ్వకండి. ఆ అమ్మాయి అడిగినప్పుడు నాకు అదే నిజమనిపించింది, అందుకు చెప్పాను. ఆ కిటికీ కింద కూర్చుని, చెయ్యి ఆయన చేతిలో పెట్టి అన్నీ చెప్పిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ లేదు. అంతకంటే ఏం చెప్పను?

మీరు మొన్న వచ్చి ఉంటే, ఈ లారీ సంగతి మొన్న చెప్పి ఉంటే, ఏమో. వేరేగా చెప్పేదాన్నేమో. ఇంటికే వెళ్ళేదాన్నేమో. ఇప్పుడు ఏం చేస్తాం. అచ్చుకి వెళ్ళిపోయి ఉంటుంది.

వెళ్ళి చెప్పండి ఆయనకి. భయం లేదు, ఆవిడ అక్క ఒప్పుకుంది అనండి. కల్నల్ గారికి కూడా శుభవార్తే, రెండో పుస్తకం అట్ట మీద అదే వేసుకోమనండి. కానీ ఇంకెప్పుడూ ఈ కొట్టు గుమ్మం తొక్కొద్దనండి. ఫోనూ వద్దు, మీచేత కబుర్లూ వద్దు. పోయినావిడతో పనేముంటుంది ఎవరికైనా?

ఆ మాట విని ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు కంగారుపడకండి. ఏడవడం ఆయనకి బాగా వచ్చని ఇప్పుడు మీరే అన్నారుగా.